ఒకే ఆసుపత్రి, ఒకే జబ్బు, వేరు వేరు వైద్యం: అమెరికా అనుభవంలో బెంగళూరుకు పనికొచ్చేది ఏమిటి?

సీమబిడ్డ

అందరికీ నమస్కారం. మా కాలనీ సంఘం తరఫున కర్ణాటక ఆరోగ్య శాఖకు ఒక వినతిపత్రం తయారు చేస్తున్నాం. బెంగళూరు పౌరకార్మికుల్లో (వీధులు ఊడ్చే పారిశుధ్య కార్మికుల్లో) తెలుగు మాట్లాడే దళిత కుటుంబాలు చాలా ఉన్నాయని ఇక్కడ అందరికీ తెలిసిందే. కొందరు తాతల కాలంలో వచ్చినవాళ్లు, కొందరు ఈ మధ్య కరువుకు వచ్చినవాళ్లు. వీళ్లకు తోడు కట్టడం పనులకు వచ్చిన పాలమూరు, రాయలసీమ కూలీలు.

మొన్న కాలనీలో బీపీ, షుగరు పరీక్షలు పెట్టించాం. ఊరి నుంచి వచ్చి ఎక్కువ కాలం కాని ఒకావిడ తన మందులన్నీ ప్లాస్టిక్ కవర్లో వేసుకొచ్చింది. మూడు షీట్లు, మూడు కంపెనీల పేర్లు, లోపల మందు మాత్రం ఒకటే: ఆమ్లోడిపిన్ అనే బీపీ మందు. ఆసుపత్రికి వెళ్లిన ప్రతిసారీ స్టాకులో ఉన్నది ఇచ్చారు. పాతది ఆపమని ఎవరో చెప్పే ఉంటారు, కానీ కన్నడలో చెప్పారు. ఆవిడ మూడూ కలిపి వేసుకుంటోంది. పాదాలు వాచిపోయాయి. రోడ్డు ఊడుస్తూ కళ్లు తిరిగి పడిపోతే ఎండదెబ్బ అనుకుని ఇంటికి పంపేశారు.

దీన్ని ఒక మనిషి తప్పుగా రాయడం నాకు ఇష్టం లేదు. అమెరికాలో నల్లజాతివాళ్లకు, స్పానిష్ మాట్లాడేవాళ్లకు, ఆదివాసులకు అందే వైద్యంలో ఉన్న తేడాల మీద ప్రభుత్వం 1985లోనే పెద్ద నివేదిక వేసింది, హెక్లర్ నివేదిక అంటారు. మరుసటి ఏడాది దానికోసం ప్రత్యేకంగా ఒక కార్యాలయమే పెట్టారు. ఇన్నేళ్లలో చట్టాలతో, నిబంధనలతో అక్కడ ఏది కుదిరింది, ఏది కుదరలేదు? తెలిసినవాళ్లు చెబితే మేం గాలి మాటలు రాయకుండా ఉంటాం.

కోరమంగళ_కోడర్

మంచి పని చేస్తున్నారు. కానీ ఒక సందేహం. ఇది జాతి, కులం, భాష సమస్యేనా? డబ్బు సమస్య కాదా? డబ్బున్న తెలుగువాడికి ఈ ఊళ్లో ఏ ఇబ్బందీ లేదు, కార్పొరేట్ ఆసుపత్రిలో తెలుగులోనే పలకరిస్తారు. పేదలందరికీ బీమా ఇచ్చేస్తే మిగతావన్నీ వాటంతట అవే సర్దుకుంటాయి కదా. అమెరికా గొడవలు తెచ్చి ఇక్కడ అతికిస్తున్నామేమో అనిపిస్తోంది.

కావేరి_తీరం

నేను అమెరికాలో చాలాకాలం కిడ్నీ డాక్టరుగా పనిచేసి ఇప్పుడు బెంగళూరులోనే ఉంటున్నాను. కోడర్ గారు అడిగిన ప్రశ్నే అక్కడి పార్లమెంటు కూడా అడిగింది. జవాబు కోసం వాళ్ల వైద్య పరిశోధన సంస్థ వందకు పైగా అధ్యయనాలను పరిశీలించి 2002లో నివేదిక ఇచ్చింది. ఆదాయం ఒకటే, బీమా ఒకటే, జబ్బు తీవ్రత ఒకటే అయినా గుండె ఆపరేషన్లు, కిడ్నీ మార్పిడి, చివరికి నొప్పి మందుల్లో కూడా నల్లజాతివాళ్లకు తక్కువ వైద్యం అందుతోందని తేలింది. పేదరికం పెద్ద కారణమే. అయితే దాన్ని పక్కనపెట్టి లెక్కేసినా తేడా మిగిలింది.

సెరెనా విలియమ్స్ కంటే డబ్బు, పేరు ఉన్నవాళ్లు ఎంతమంది? 2017లో ప్రసవమైన మర్నాడు ఊపిరి ఆడక, తనకు రక్తం గడ్డకట్టే సమస్య ముందే ఉందని, స్కాన్ తీయమని ఆవిడ పట్టుబట్టాల్సి వచ్చింది. స్కాన్‌లో ఊపిరితిత్తుల్లో గడ్డలు కనిపించాయి.

నా రంగంలో నేను కళ్లారా చూసింది చెబుతాను. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం) చూసి కిడ్నీ ఎంత శాతం పనిచేస్తోందో లెక్కగట్టే సూత్రం ఒకటి ఉంటుంది. చాలాకాలం వాడిన ఒక సూత్రంలో రోగి నల్లజాతి అయితే వచ్చిన అంకెను 1.21తో హెచ్చించాలి. అంటే ఒకే రక్త ఫలితం ఉన్న ఇద్దరిలో నల్లజాతి రోగి కిడ్నీ కాగితం మీద మెరుగ్గా కనిపిస్తుంది. మార్పిడి జాబితాలోకి ఎక్కాలంటే ఆ అంకె 20కి దిగాలి. తెల్లవాడు 20 దగ్గర జాబితాలో చేరిపోతే, అదే కిడ్నీ ఉన్న నల్లవాడికి కాగితం మీద 24 ఉంటుంది, ఇంటికి వెళ్లి ఇంకా చెడిపోయాక రమ్మంటారు. ఇందులో ఏ డాక్టరుకూ ద్వేషం అక్కర్లేదు, సూత్రమే ఆ పని చేసేస్తుంది. 2021లో నిపుణుల సంఘాలు జాతి గుణకం లేని సూత్రాన్ని సిఫారసు చేశాయి. 2022లో అవయవ మార్పిడి వ్యవస్థ పాత లెక్కను నిషేధించింది. అక్కడితో ఆగలేదు, 2023 నుంచి పాత లెక్క వల్ల ఆలస్యమైన రోగులకు పోగొట్టుకున్న నిరీక్షణ కాలాన్ని తిరిగి కలపమని ఆసుపత్రులను ఆదేశించారు. జరిగిన నష్టాన్ని కొంతైనా వెనక్కి ఇచ్చిన విధానం కాబట్టి దీన్ని నేను చాలా గొప్పగా చెప్పుకుంటాను.

కోరమంగళ_కోడర్

ఈ 1.21 సంగతి నాకు తెలియదు డాక్టర్ గారు, షాకింగ్‌గా ఉంది. అయితే సూత్రం మార్చొచ్చు, మనుషుల బుద్ధులు ప్రభుత్వం ఎలా మారుస్తుంది?

కావేరి_తీరం

బుద్ధులు మార్చనక్కర్లేదు, డబ్బుకు షరతు పెట్టాలి. ఇందుకు 1966 కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

అప్పటిదాకా దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవాళ్లకు వేరే వార్డులు, వేరే ఆసుపత్రులు. కొన్ని చోట్ల గేటులోకే రానివ్వరు. 1946లో ఆసుపత్రుల నిర్మాణానికి కేంద్రం డబ్బిచ్చిన చట్టమే వేరు వేరుగా కట్టుకోవడానికి ఒప్పుకుంది. 1964 పౌరహక్కుల చట్టం వచ్చింది: కేంద్ర నిధులు తీసుకునే ఏ సంస్థా జాతి వివక్ష చూపకూడదు. మరుసటి ఏడాది వృద్ధులకు మెడికేర్ బీమా తెచ్చారు, 1966 జులై 1న మొదలైంది. అందులో చేరాలంటే వార్డులు కలపాలి, నల్లజాతి డాక్టర్లను రానివ్వాలి. తనిఖీదారులు ఊరూరా తిరిగారు. కొద్ది నెలల్లోనే వెయ్యికి పైగా ఆసుపత్రులు వార్డులు కలిపేశాయి. దశాబ్దాలుగా కోర్టులకు, ఊరేగింపులకు లొంగనివాళ్లు మెడికేర్ చెక్కు పోతుందనేసరికి దారికి వచ్చారు. ఆ తర్వాత దక్షిణాది పల్లెల్లో విరేచనాలతో, న్యుమోనియాతో చనిపోయే నల్లజాతి పసిపిల్లల సంఖ్య బాగా పడిపోయింది. పిల్లల్ని ఆసుపత్రిలోకి రానిచ్చారు, అంతే.

మీ వినతిపత్రంలో ఇది రాయండి. కర్ణాటక ప్రభుత్వ వైద్య పథకాలను నడిపే సువర్ణ ఆరోగ్య సురక్షా ట్రస్టు ఇక్కడ ప్రైవేటు ఆసుపత్రులకు బిల్లులు కడుతోంది కదా. ఆ డబ్బుకు షరతులు పెట్టే అధికారం ప్రభుత్వానికి ఉంది.

పాలమూరు_పోరి

భాష గురించి నేను చెప్పాలి. నాన్న కట్టడం మేస్త్రీ, అమ్మ ఇటుకలు మోసేది. నేను ఇక్కడే కన్నడ మీడియంలో చదువుకున్నా. నాకు పదేళ్లప్పుడు అమ్మకు రక్తస్రావం ఆగకపోతే ఆసుపత్రికి పోయినం. డాక్టరమ్మ కన్నడలో అడుగుతది, నేను అమ్మకు తెలుగులో చెప్పాలి. నెలసరి గురించి, నాన్నతో కాపురం గురించి అడిగింది. నాకు ఆ మాటలు తెలియవు. అమ్మ నా ముఖం చూసి "ఏం లేదని చెప్పు బిడ్డా" అన్నది. నేను అదే చెప్పిన. ఐరన్ మాత్రలు ఇచ్చి పంపించేసిండ్రు. ఏడాది తర్వాత గడ్డ పెద్దదై గర్భసంచి తీసేసే దాకా వచ్చింది.

నేను ఆ డాక్టరమ్మను తిట్టను. ఆమె ముందు ఇంకా ఎంతమంది నిలబడి ఉన్నరో నాకు గుర్తుంది. కానీ ఆ రోజు అక్కడ తెలుగు వచ్చిన పెద్ద మనిషి ఒక్కరుంటే మా అమ్మ నిజం చెప్పేది. అమెరికాలో దీనికి రూల్ ఏమన్నా ఉందా డాక్టర్ గారు?

కావేరి_తీరం

ఉందమ్మా. చదువుతుంటే బాధేసింది. 2000లో అధ్యక్షుడి ఉత్తర్వు ఒకటి వచ్చింది, ఇంగ్లిష్ సరిగా రానివాళ్లకు ప్రభుత్వ నిధులతో నడిచే సేవలన్నీ అందేలా చూడాలని. దాన్ని 2025 మార్చిలో రద్దు చేశారు. అయితే 2010 ఆరోగ్య చట్టంలోని 1557వ సెక్షన్ ఇంకా ఉంది. దానికింద ఆసుపత్రి ఉచితంగా అర్హత ఉన్న దుబాసీని ఇవ్వాలి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు తప్ప పిల్లలతో అనువాదం చేయించకూడదని నిబంధనల్లోనే రాశారు. సరిగ్గా మీ అమ్మగారికి జరిగిన లాంటివి చూసే అలా రాశారు. మా ఆసుపత్రిలో ఫోన్ తీసి భాష పేరు చెబితే నిమిషాల్లో అవతల తెలుగు మాట్లాడేవాళ్లు దొరికేవాళ్లు.

ఉత్తర్వు ఒక సంతకంతో పోయింది, చట్టం నిలిచింది. సీమబిడ్డ గారూ, మీరు సర్క్యులర్ అడుగుతున్నారా, చట్టంలో చోటు అడుగుతున్నారా అన్నది ఆలోచించుకోండి.

హిందూపురం_సిస్టర్

నేను ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును. పాలమూరు చెల్లీ, నీ పోస్టు చదివి కాసేపు ఏం రాయాలో తోచలేదు.

మా వైపు సంగతి కూడా చెప్పనివ్వండి. ఒక షిఫ్టులో వార్డంతా ఒక్కరిమే చూసే రోజులుంటాయి. ఎవరినీ కావాలని తక్కువ చూడాలని ఉండదు. కానీ టైం లేనప్పుడు ఎవరికి కోత పడుతుందో చూడండి. ఎదురు ప్రశ్న అడిగేవాళ్లకు జవాబు దొరుకుతుంది, చీటీ తీసుకుని తల ఊపి వెళ్లిపోయేవాళ్లకు దొరకదు. తల ఊపేవాళ్లు ఎవరన్నది వేరే చెప్పాలా? వలస వచ్చినవాళ్లు, చదువు లేనివాళ్లు, "మనల్ని ఏమంటారో" అని చిన్నప్పటి నుంచీ భయపడుతూ పెరిగినవాళ్లు.

మా వార్డులో ఒక పద్ధతి పెట్టుకున్నాం. మందు షీటు వెనక పెన్నుతో పొద్దుటి మాత్రకు ఒక గీత, రాత్రి మాత్రకు రెండు గీతలు గీస్తాం. తర్వాత "ఇంటికెళ్లి ఎలా వేసుకుంటావో నువ్వే చెప్పు" అని అడుగుతాం. తప్పు చెబితే మళ్లీ చెబుతాం. పాత షీటు తెచ్చి ఉంటే అక్కడే తీసి పక్కన పెట్టేస్తాం. సీమబిడ్డ అన్నా, మీరు చెప్పిన ఆమ్లోడిపిన్ ఆవిడ దగ్గర ఈ పని జరిగి ఉంటే మూడు షీట్లు పోగయ్యేవి కాదు. కానీ ఇది మా ఇష్టం మీద నడుస్తున్నది. నేను బదిలీ అయితే ఆగిపోతుంది. దీన్ని పద్ధతిగా రాసి అందరికీ పెట్టమని అడగండి.

మడకశిర_మాస్టారు

కార్డుల విషయం నేను చెబుతాను, రోజూ నా దగ్గరికి ఇవే వస్తుంటాయి. కర్ణాటకలో ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య కర్ణాటక పథకం ఉంది. ఇక్కడి బీపీఎల్ రేషన్ కార్డు ఉంటే కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా. ఆ కార్డు లేనివాళ్లకు ప్యాకేజీ ఖర్చులో 30 శాతమే, అదీ లక్షన్నర మించకుండా. మనవాళ్ల కార్డు చాలావరకు ఊళ్లోనే ఉంటుంది. ఒకే దేశం ఒకే రేషన్ వచ్చాక బియ్యం ఇక్కడ తీసుకోవచ్చు, కానీ ఈ వైద్య పథకానికి అది ఇక్కడి బీపీఎల్ కార్డు అయిపోదు. కేంద్రం ఆయుష్మాన్ భారత్ జాబితాలో పేరున్న కుటుంబానికి ఆ పథకంలో చేరిన ఏ రాష్ట్రంలోనైనా చెల్లుతుంది. రాష్ట్ర పథకంలో మాత్రమే ఉన్నవాళ్లకు ఆ వీలు లేదు. 2019లో ఆంధ్ర ప్రభుత్వం ఆరోగ్యశ్రీని బెంగళూరులో కొన్ని ఆసుపత్రులకు విస్తరించింది గానీ, అది ఎంపిక చేసిన పెద్ద చికిత్సలకే.

ఇంకొకటి, ఇది అందరికీ చెప్పండి. 2011 నుంచి జననీ శిశు సురక్షా కార్యక్రమం ఉంది. ప్రభుత్వ ఆసుపత్రిలో ఏ గర్భిణికైనా కాన్పు, సిజేరియన్, మందులు, రక్తం, భోజనం, వాహనం ఉచితం. ఏ రాష్ట్రం కార్డు అన్న ప్రశ్నే లేదు. అయినా "మీ ఊరి కార్డు, అక్కడికే పో" అని తిప్పి పంపిన ఆడపిల్లలు నా దగ్గరికి వస్తున్నారు.

కావేరి_తీరం

మాస్టారు గారు చెప్పింది చదివితే డెలావేర్ గుర్తొచ్చింది. అమెరికా తూర్పు తీరంలో చిన్న రాష్ట్రం. పెద్దపేగు క్యాన్సర్‌ను ముందే పట్టే కొలనోస్కోపీ పరీక్ష అక్కడ 2002 ప్రాంతంలో తెల్లవాళ్లలో 58 శాతం మంది, నల్లవాళ్లలో 48 శాతం మంది చేయించుకుని ఉన్నారు. ప్రభుత్వం మూడు పనులు కలిపి చేసింది. బీమా లేనివాళ్లకు పరీక్ష ఖర్చు కట్టింది. క్యాన్సర్ బయటపడితే చికిత్స ఖర్చు కూడా కట్టింది, ఎందుకంటే చికిత్సకు డబ్బు లేనివాడు పరీక్షకు రాడు. ఇక అన్నిటికంటే ముఖ్యంగా, ఆసుపత్రుల్లో చేయి పట్టుకుని నడిపించే నర్సులను పెట్టింది. ఇంటికి ఫోన్ చేయడం, తారీఖు ఇప్పించడం, ముందురోజు పేగు శుభ్రం చేసుకునే మందు ఎలా తాగాలో చెప్పడం, బండి లేకపోతే బండి పంపడం.

2009కి రెండు వర్గాల్లోనూ 74 శాతం. తేడా పోయింది. క్యాన్సర్ మరణాల్లో ఉన్న అంతరం కూడా దాదాపు మూసుకుపోయింది. పథకం అందరికీ పెట్టారు, కానీ వెనకబడినవాళ్లను వెతుక్కుంటూ వెళ్లారు. బీమా కార్డు ఒక్కటే ఇచ్చి ఊరుకుంటే ఇది జరిగేది కాదు.

నెల్లూరు_టు_చెన్నై

చెన్నైలోనూ పారిశుధ్య కార్మికుల్లో తెలుగు దళితులు ఎందరో. ఇక్కడ 2021లో 'మక్కళై తేడి మరుత్తువం' మొదలుపెట్టారు, బీపీ, షుగరు మందులు ఇంటికే తెచ్చిస్తారు. మా వీధిలో వచ్చే ఆవిడ మా పక్కింటి అవ్వతో తెలుగులోనే మాట్లాడుతుంది, అవ్వ ఒక్క పూట కూడా మందు మానడం లేదు. మందు ఇచ్చే మనిషి ఆ వీధి మనిషే కావాలని మీ వినతిలో రాయండి.

జయనగర_వాసి

చివరికి ఏమంటున్నారు, ఆసుపత్రి కౌంటర్లో కులం, భాష అడిగి రాసుకోవాలనా? దానివల్ల వివక్ష ఇంకా పెరగదా? రోగిని రోగిగా చూస్తే చాలు.

కోరమంగళ_కోడర్

నేను కూడా మొదట ఇలాగే అనుకున్నాను, కానీ నా ఫీల్డులోనే దీనికి జవాబు ఉంది. 2019లో అమెరికాలో ఒక సాఫ్ట్‌వేర్‌ను పరిశోధకులు పరీక్షించారు. ఆసుపత్రులు దాన్ని వాడి, ఎవరికి అదనపు శ్రద్ధ కావాలో ఎంచుకునేవి. అందులో జాతి అన్న కాలమే లేదు. అది పాత బిల్లుల వివరాలు చూసి రోగి మీద ముందుముందు ఎంత ఖర్చవుతుందో అంచనా వేసేది: ఎక్కువ ఖర్చయితే ఎక్కువ జబ్బు అని లెక్క. నల్లవాళ్లకు వైద్యం తక్కువ అందింది కాబట్టి ఖర్చూ తక్కువే, అందుకని వాళ్లు ఆరోగ్యంగా ఉన్నారని అది తేల్చింది. లెక్క సరిచేస్తే అదనపు శ్రద్ధకు ఎంపికయ్యేవాళ్లలో నల్లవాళ్ల వాటా 17.7 శాతం నుంచి 46.5 శాతానికి పెరుగుతుందని చూపించారు. జాతి అడగని ప్రోగ్రామే ఇంత తేడా చేసింది. పరిశోధకుల దగ్గర జాతి వివరం ఉండబట్టే తప్పు దొరికింది.

ఇక్కడ కూడా బీమా క్లెయిముల డేటాతో ఇలాంటి సాఫ్ట్‌వేర్లు తయారుచేయడం మొదలైంది. ఊరి కార్డు చెల్లక క్లెయిమే వేయని పౌరకార్మికురాలు ఆ డేటాలో అసలు కనిపించదు. అయితే జయనగర్ గారి భయం నాకు అర్థమైంది. ఆ వివరం కౌంటర్లో గుమాస్తాకు కనపడకూడదు, లెక్కల విభాగానికి మాత్రమే వెళ్లాలి. ఇది కష్టమైన పనేం కాదు, ఫారం డిజైన్ చేయడానికి నేను వస్తాను.

సీమబిడ్డ

కోడర్ అన్నా, చాలా థాంక్స్, తప్పకుండా రండి.

జయనగర్ గారూ, సగటు ఒక్కటే చూస్తే ఏం జరుగుతుందో అమెరికా కాన్పుల లెక్క చూడండి. 2021లో లక్ష కాన్పులకు నల్లజాతి తల్లుల మరణాలు 69.9, తెల్లజాతి తల్లులవి 26.6. కోవిడ్ తగ్గాక 2023కి ఇద్దరిలోనూ తగ్గాయి: 50.3, 14.5. సగటు చూసి సంతోషించొచ్చు. కానీ రెండున్నర రెట్లు ఉన్న తేడా మూడున్నర రెట్లయింది. జాతి వారీగా రాశారు కాబట్టే అది కంటికి కనిపించింది. మన దగ్గర 2018-20 లెక్కలో కర్ణాటకది 69, ఆంధ్రది 45, తెలంగాణది 43. ఆ పట్టికలో రాష్ట్రాలే ఉంటాయి, కులం ఉండదు, వలస వచ్చినవాళ్లు ఎందరో ఉండదు. బెంగళూరులో చనిపోయిన పాలమూరు తల్లి ఆ 69లో ఎక్కడుందో ఎవరికీ తెలియదు. తెలియనిదాని గురించి ఏ అధికారినీ నిలదీయలేం.

అందరి మాటలూ కలిపి ఇలా రాశాను, చూడండి:

"ప్రభుత్వ డబ్బు తీసుకునే ప్రతి ఆసుపత్రిలో తెలుగు, తమిళం, హిందీ, ఉర్దూ మాట్లాడే సహాయకులు గానీ ఫోన్ అనువాద సౌకర్యం గానీ ఉండాలి. వీలైతే పిల్లలతో అనువాదం చేయించకుండా చూడాలి. ఇది పాటించని ఆసుపత్రికి ట్రస్టు చెల్లింపులు ఆపాలి. ఏ రాష్ట్రం కార్డు ఉన్నా గర్భిణిని తిప్పి పంపకూడదు, పంపితే కారణం రాసి ఇవ్వాలి. పౌరకార్మికుల కాలనీల నుంచే, వాళ్ల భాష తెలిసిన మహిళలను జీతమిచ్చి ఆరోగ్య సహాయకులుగా నియమించాలి. మాతృ మరణాల సమీక్షలో కులం, మాతృభాష, వలస వివరం నమోదు చేసి ఏటా ప్రకటించాలి."

పాలమూరు_పోరి

జీతమిచ్చి అన్న మాట బాగుంది అన్నా. ఊరికే సేవ చేయమంటే మళ్లీ మా అమ్మలాంటి వాళ్ల మీదే భారం పడుతది.

హిందూపురం_సిస్టర్

రెండో వాక్యంలో "వీలైతే" తీసేయండి అన్నా. ఆసుపత్రిలో వీలైతే అని రాసిన పని ఏదీ జరగదు. ఎప్పటిలోగా అన్న తేదీ కూడా పెట్టండి. మందు షీటు మీద గీతలు గీసి, తిరిగి చెప్పించుకునే పద్ధతి ఇందులో రాలేదు, అది చేర్చండి.

ఇంకో ముఖ్యమైనది మిగిలిపోయింది: టైము. పౌరకార్మికులు తెల్లవారగానే పనిలోకి దిగి మధ్యాహ్నం దాటాక గానీ బయటపడరు. అప్పటికి ఓపీ చీటీలు ఇవ్వడం ఆపేస్తారు. నమ్మ క్లినిక్‌లు (పేటల్లో ఉండే ప్రభుత్వ చిన్న క్లినిక్‌లు) చాలావరకు సాయంత్రం నాలుగున్నరకు మూసేస్తారు. ఒక రోజు కూలి వదులుకుంటే తప్ప డాక్టరు దొరకడు. వాళ్ల కాలనీల దగ్గరున్న క్లినిక్‌లైనా రాత్రి ఎనిమిది దాకా తెరిచి ఉంచమని అడగండి.

సీమబిడ్డ

"వీలైతే" తీసేశాను. గీతల పద్ధతి, రాత్రి ఎనిమిది దాకా క్లినిక్, ఆరు నెలల గడువు చేర్చాను. మాస్టారూ, మీ దగ్గరికి వచ్చిన ఆడపిల్లల్లో ఎవరైనా తిప్పి పంపిన సంగతి రాసివ్వడానికి ఒప్పుకుంటే, పేరు బయటపెట్టకుండా జత చేస్తాం. కన్నడ ప్రతి ఎవరైనా సరిచూసి పెట్టగలరా?

పాలమూరు_పోరి

కన్నడ ప్రతి నాకు పంపు అన్నా. రేపు రాత్రికల్లా చూసి ఇస్తా.